గోడ అవతలి కాగితం

జూన్ 9

అత్తా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు కాస్త గొప్ప చెప్పుకోనీ. ఆఫీసులో మొదటిసారి నాకంటూ ఒక పని అప్పజెప్పారు. ఇంతకాలం ఎవరో వేసిన అంకెల్ని సరిచూసి, తప్పుంటే పెన్సిలుతో సున్నా చుట్టడమే నా ఉద్యోగం. ఇప్పుడు రెండు దేశాల పాత కాగితం లెక్కలు పక్కపక్కన పెట్టి, ఇరవై ఏళ్ళలో ఎవరు ఎంత పోగుచేశారో, ఎవరు ముందున్నారో, ఎందుకో నేనే రాయాలి. ఒకటి నేనుంటున్న ఈ దేశం. రెండోది ఏదంటావా? మనదే. అడిగి మరీ తీసుకున్నాను.

పాత కాగితం గురించి నీకు నేను పాఠం చెప్పక్కర్లేదు. జనం వాడి పారేసింది తెచ్చి, ఏరి, తీగలతో బేళ్ళు కట్టి, గుజ్జు చేయడానికి మిల్లుకి చేర్చేది. రోజూ నీ చేతుల మీదుగా పోయేదే. నీకది దుమ్మూ దగ్గూ. నాకు మాత్రం గ్రాఫు మీద ఒక గీత. ఈ దేశం గీత మొదట్లో చకచకా ఎక్కేసి, పదేళ్ళుగా చదునుగా పడుకుంది. ఇంటికి పేపరు వేయించుకునేవాళ్ళు తగ్గిపోతే ఇక పారేయడానికి ఏముంటుంది? మనది చాలాకాలం నేల మీదే పాకింది. అప్పట్లో పాత కాగితం కొట్లలో పొట్లాలు కట్టడానికే చాలేది కాదు, మిల్లు దాకా ఎక్కడొస్తుంది! ఆరేళ్ళుగా అట్టపెట్టెల పుణ్యమా అని ఆ గీత లేచి పరుగెత్తుతోంది. పోయిన ఏడాది వీళ్ళని దాటేసింది కూడా. నేనే పందెం గెలిచినట్టు పక్క సీటు అమ్మాయికి చూపించుకున్నాను.

ఒక్కటే కొలిక్కి రావడం లేదు. మన దగ్గర పోగైంది పెరుగుతూనే ఉంది. ఇక్కడి నుంచి ఓడలెక్కి వచ్చేది వేరే. కానీ మిల్లులు గుజ్జు చేసింది మాత్రం మూడేళ్ళుగా ఉన్నచోటే ఉంది. మిగిలిన కాగితం ఎక్కడికి పోతోందని మా పై ఆఫీసరు అడుగుతున్నాడు. ఆయన అడిగితే చాలు, నాకు నాలుక మడతపడిపోతుంది. మీ మిల్లు గోడౌన్ అంతా మామయ్య చేతిలోనే ఉంది కదా. "మీ బేళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని ఒక్క మాట అడిగి రాయవా?

నేను బాగానే ఉన్నాను. మామ్మ కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో రాయి.

నీ మేనకోడలు


జూన్ 27

మా లెక్కలమ్మకి,

నీ గొప్ప విని మురిసిపోదామనే ఉత్తరం విప్పాను. ఆరేళ్ళు మా ఇంట్లో చదువుకుని, బల్లి కనపడితే మంచమెక్కి కూర్చున్న పిల్ల ఇప్పుడు రెండు దేశాలకి తూకం వేస్తోందని కాగితం ఏరే బెల్టు దగ్గర అందరికీ చెప్పాను. బెల్టు నడుస్తుంటే ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడి చావదు, అయినా అరిచి చెప్పాను. ప్లాస్టిక్కు ఏరే అమ్మాయి నవ్వింది, మైనం అట్టలు ఏరే ఆవిడ "మనం ఏరేది కూడా లెక్కపెడతారా?" అని బుగ్గలు నొక్కుకుంది.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం మీ మామయ్యకి చదివి వినిపించాను. "మీ బేళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి" అన్న చోట ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశారు. "ఎవరడిగారు? దాని ఆఫీసరా?" అన్నారు. అవునన్నాను. అంతే, ఆ పూట ఇక భోజనం ముట్టలేదు.

నీకు తెలియదు. నువ్వు రాకముందు ఇక్కడ గోడౌన్ చూసిన మనిషిని బేళ్ళు బయటికి అమ్ముకున్నాడని పోలీసులు పట్టుకుపోయారు. అమ్ముకున్నాడో లేదో దేవుడికే తెలియాలి. వాళ్ళావిడ సామాను వీధిలో పడేస్తుంటే నేనే వెళ్ళి దుప్పట్లు ఏరి మూటకట్టి ఇచ్చాను. అప్పటి నుంచి మీ మామయ్య ఒక్క బేలు పక్కకి జరిగినా రెండుసార్లు చూసుకుంటారు. ఇప్పుడు పై దేశం నుంచి ఆఫీసరు, అదీ మేనకోడలి చేత, మిగిలిన కాగితం ఎక్కడికి పోయిందని అడిగిస్తే ఆయన ఏమనుకోవాలి?

మేం దొంగలం కాదమ్మా. ఆ మాట మీ ఆఫీసరుకి చెప్పు. గేటు దగ్గర గుమాస్తా నీ కవరు మీది స్టాంపులు చూసి "బయటి దేశం కాగితాలా?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకేం బాగోలేదు. ఇలాంటివి ఇక రాయకు.

మామ్మ మంచం దిగడం లేదు. నోరు మాత్రం బాగానే దిగుతోంది, మా అందరి మీదికీ.

మీ అత్త


జూలై 14

అత్తా,

నీ ఉత్తరం చదివి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మామయ్యని అనుమానించడమా! ఆయన నా సైకిలు చక్రంలో గాలి కూడా కంపెనీ పంపుతో కొట్టనివ్వని మనిషి. నేనడిగింది దేశం మొత్తం కాగితం గురించి. కట్టలు కట్టిన కాగితం ఎక్కడో ఒకచోట నిలవ ఉండాలి కదా, ఎక్కడుంటుందో తెలుసుకుందామని అడిగాను. ఆయన కాళ్ళ మీద పడ్డానని చెప్పు.

అయితే ఇంకో సంగతుంది. ఇది రాయాలా వద్దా అని వారం తన్నుకులాడాను.

ఏడాది లెక్కలు పక్కన పెట్టి నెలవారీ లెక్కలు తీశాను. వానాకాలంలో కాగితం ఏరేవాళ్ళు తిరగలేరు కాబట్టి పోగయ్యేది తగ్గాలి. ఈ దేశంలో తగ్గుతోంది. మన దగ్గర మాత్రం వాన నెలల్లోనే గీత పైకి లేస్తోంది, ఏటా. మా ఆఫీసులో పాత కాగితాలు సర్దే పెద్దాయన ఒకాయన ఉన్నారు, కుర్రతనంలో మిల్లులో పనిచేశారట. ఆయనకి చూపిస్తే ఒక్క క్షణం చూసి, "ఇది కాగితం కాదమ్మాయ్, నీళ్ళు. తడిసిన బేళ్ళని తూస్తున్నారు" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. తడిసిన బేలు ఉబ్బుతుందట. ఒకటి ఉబ్బితే ఏం కాదు. గోడ నుంచి గోడ దాకా బిగించి పేర్చినవి ఉబ్బితే వాటికి చోటు కావాలి. వాళ్ళ మిల్లులో అలా గోడే బయటికి పడిపోయిందట. అవతల ఎవరున్నారని అడిగితే ఆయన ఫైళ్ళు సర్దుకున్నారు.

అత్తా, మీ వరస గదులన్నిటికీ వెనక గోడ గోడౌన్‌దే కదా. నేను ఆరేళ్ళు ఆ గోడకి వీపు ఆనించి చదువుకున్నాను. అప్పట్లో బేళ్ళకీ గోడకీ మధ్య మనిషి నడిచే సందు ఉండేది, మామయ్య టార్చి పట్టుకుని అందులో తిరిగేవారు. ఇప్పటికీ ఉందా? పైకప్పు కారుతోందా? నేను ఊరికే భయపడతానని నువ్వంటావు. ఆ మాట అనిపించుకోవడానికే రాస్తున్నాను. సందు ఉందని ఒక్క ముక్క రాయి, చాలు.

నీ పిల్ల


ఆగస్టు 1

పిరికిదానా,

పెద్దాయన మాట విని నువ్వు బెంబేలెత్తడం, నీ ఉత్తరం చదివి నేను నవ్వుకోవడం, బాగుంది మన ఉత్తరాల వరస. గోడలు పడిపోతే ఇంతమందిమి ఇన్నేళ్ళు ఎలా బతికామే? నీకు చీకటంటే భయం, కుక్కంటే భయం, లెక్కల పరీక్షంటే భయం. తీరా చూస్తే ఆ లెక్కలే నీకు కూడు పెడుతున్నాయి.

నువ్వు కాళ్ళ మీద పడ్డావని చెబితే మీ మామయ్య "పిల్లదేం చేస్తుందిలే" అన్నారు. కానీ ఆయన మనసు కుదుటపడలేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే ఒక పని మొదలెట్టారు. చోటు చాలక యార్డులో ఆరుబయట పడున్న బేళ్ళున్నాయి చూడు, వాటన్నిటినీ ఫోర్క్‌లిఫ్టు బండి పెట్టించి లోపలికి చేర్పించారు. రేపు ఎవడైనా వచ్చి మీ కాగితం ఎక్కడని అడిగితే, ఇదిగో, అంతా ఒక్కచోటే ఉంది, లెక్కపెట్టుకో అనాలట. సందు కావాలన్నావు కదా, ఆ సందులో కూడా పేర్చారు. ఇంక సూది దూరే చోటు లేదు. ఏడు వరసలు, రేకుల దాకా. పని పూర్తయ్యాక ఇంటికొచ్చి కడుపునిండా తిన్నారు. ఆయన తిని ఎన్నాళ్ళయిందో! నాకూ ప్రాణం కుదుటపడింది.

తడిసినవేనా అంటావేమో. వానలో పడున్నవి తడవక ఏం చేస్తాయి? లోపల ఆరతాయిలే.

ఇక్కడ వాన తెరిపివ్వడం లేదు. వెనక గోడలో బీరువా తలుపు పడటం లేదు. చెక్క ఉబ్బిందని వడ్రంగిని పిలిస్తే, వాడు తలుపు కాదు, చట్రమే వంకర పోయిందన్నాడు. పని చేతకాని వాడు ఎప్పుడూ చట్రాన్నే అంటాడు. గోడ లోపలి నుంచి అప్పుడప్పుడూ టంగుమని చప్పుడు, వీణ తీగ తెగినట్టు. పక్క గదిలో, మిల్లు బాయిలరు చూసే ఆయన భార్య ఎలకలంటుంది. ఎలకలు వీణ వాయిస్తాయా అన్నాను.

మామ్మతో వేగలేకపోతున్నాను. ఆవిడ మంచం గోడ వారనే కదా. పొద్దున లేచి, "నన్నెవరో నెడుతున్నారే" అంటుంది. "నీ కోడలినే, ఇంకెవరు నెడతారు?" అంటే ఇల్లంతా ఒకటే నవ్వు. నిన్న ఊడుస్తుంటే మంచం నిజంగానే జరిగినట్టు కనిపించింది. మంచం కోళ్ళు ఆనే చోట నేల మీద మచ్చలుంటాయి చూడు, ఆ మచ్చలు బయటపడ్డాయి. ఆవిడే కదుపుతోందనుకుంటా, నడవలేని మనిషికి ఇదేం సరదానో.

దిగులు పెట్టుకోకు, వేళకి తిను.

మీ అత్త


ఆగస్టు 16

అత్తా,

ఈ ఉత్తరం నిలబడి చదువుతున్నావా? చదువుతూనే మామ్మని బయటికి తీసుకురా. మంచంతో సహా, ఎలా వీలైతే అలా. తర్వాత మిగతాది చదువు.

ఆ చప్పుడు ఎలకలది కాదు. బేళ్ళు కట్టిన తీగలు తెగుతున్నాయి. లోపల కాగితం ఉబ్బి, తీగలు పట్టలేక ఒక్కొక్కటీ తెగుతున్నాయి. బీరువా చట్రం వంకర పోయింది గోడ వంగుతోంది కాబట్టి. మామ్మని ఎవరో నెడుతున్నారన్న మాట అబద్ధం కాదు. గోడ నెడుతోంది. నువ్వు నవ్వుతూ రాసిన వాక్యం చదివేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉత్తరం పట్టుకుని పెద్దాయన దగ్గరికి పరుగెత్తి, చదివి, మన భాషలోంచి ఆయనకి చెప్పాను. మంచం సంగతి చెప్పేటప్పటికి ఆయన లేచి నిలబడ్డారు. "వాళ్ళు ఇంకా ఆ గదుల్లోనే ఉన్నారా?" అన్నారు.

ఉత్తరం ఎప్పుడు చేరుతుందో అని ఆగలేక ఆఫీసు ఫోను నుంచి మీ మిల్లుకి చేశాను. మేనేజరు ఎత్తాడు. నేనెవరో అడిగితే భయంతో మా ఆఫీసు పేరే వచ్చింది నోటికి. మీ గోడౌన్‌లో నిలవ చాలా ఎక్కువగా ఉంది, ప్రమాదం అన్నాను. గోడ అనబోయేలోపే ఆయన "మా నిలవలన్నీ సక్రమంగా ఉన్నాయి, మీకు చెప్పిందెవరు?" అని గద్దించి పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మీ మీదికి ఏమైనా తెచ్చానేమోనని చచ్చేంత భయంగా ఉంది. అయినా ఆ భయం తర్వాత పడదాం.

మీరొక్కరే కాదు, ఆ వరస గదుల్లో ఉన్న అందరూ బయటికి రావాలి. పక్కవాళ్ళకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను పిరికిదాన్ని అని చెప్పకు వాళ్ళకి. ఈ ఒక్కసారికి చెప్పకు.

నీ పిల్ల


ఆగస్టు 19

ఏమే,

ఏ ముహూర్తాన నీకు ఆ ఉద్యోగం ఇచ్చారో కానీ మా కొంప ముంచావు.

మొన్న మేనేజరు మీ మామయ్యని పిలిపించి, అందరి ముందూ నిలబెట్టి, "పై దేశానికి మన నిలవల సంగతి చేరవేసింది ఎవరు? నిలవ ఎక్కువుందని ఫోను వచ్చింది. నాకు తెలియకుండా బయట సరుకు తెచ్చి దాస్తున్నావా, లోపలి సరుకు దాటిస్తున్నావా?" అని అడిగాడు. మేనకోడలు అక్కడ పనిచేస్తుందని గేటు గుమాస్తా వెనక నుంచి అందించాడు. ఇంకేముంది? పెద్దాఫీసు నుంచి మనుషులు వచ్చి లెక్కపెట్టేదాకా గోడౌన్‌కి తాళం వేసి సీలు పెట్టారు. తలుపు తీస్తే జైలే అని కాగితం అంటించారు. వాళ్ళు వచ్చేది వచ్చే నెలలో అట. అప్పటిదాకా మీ మామయ్య ఇంట్లో కూర్చోవాలి.

కూర్చున్నారు. గోడకేసి చూస్తూ కూర్చున్నారు. వరసలో వాళ్ళు నాతో మాట్లాడటం తగ్గించారు. పంపు దగ్గర నేను వెళితే బిందెలు తీసుకుని తప్పుకుంటున్నారు. నేనెప్పుడూ దేనికీ భయపడలేదని నీకు తెలుసు. మీ నాన్న పోయినప్పుడు కూడా నిన్ను ఎత్తుకుని నేనే ముందు నడిచాను. ఇప్పుడు గేటు దగ్గర బూట్ల చప్పుడు వినిపిస్తే దీపం ఆర్పి తలుపు గడియ పెట్టుకుంటున్నాను.

వాన తగ్గలేదు. గోడౌన్ పైన రేకు ఎగిరిపోయిందట, సీలు ఉంది కాబట్టి ఎవరూ ఎక్కి కప్పడం లేదు. మామ్మ మళ్ళీ నెడుతున్నారంటోంది. మంచం ఇవాళ జానెడు జరిగింది. ఆవిడ కాళ్ళు కదలడం లేదు, నేను చూస్తూనే ఉన్నాను.

నువ్వు ఇక ఉత్తరాలు రాయకు.

మీ అత్త


ఆగస్టు 30

అమ్మా తల్లీ,

నీ పదహారో తారీఖు ఉత్తరం ఇవాళ అందింది. నిలబడే చదివాను. నువ్వు చెప్పినట్టే ముందు మామ్మని మంచంతో సహా బయట పంపు దగ్గర షెడ్డులోకి చేర్చాం. ఆ తర్వాతే మిగతాది చదివాను. ఆ షెడ్డులోనే కూర్చుని రాస్తున్నాను.

చదివి వినిపిస్తే మీ మామయ్య లేచి వెళ్ళి గోడకి రెండు అరచేతులూ ఆనించారు. ఇటు తిరిగినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "పిల్ల నిజమే చెప్పింది. నేనే పేర్చాను" అన్నారు. నీ మొదటి ఉత్తరం రాకపోతే ఆ బేళ్ళు లోపలికి వచ్చేవి కావు, ఈ ఉత్తరం వచ్చింది కాబట్టి సంగతి తెలిసింది. దీన్ని ఎటు పట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

మిగతా అయిదు గదుల తలుపులూ తట్టాను. గోడ పడుతుంది, రండి అన్నాను. బాయిలరు ఆయన "గది ఖాళీ చేస్తే కంపెనీ ఇంకొకళ్ళకిచ్చేస్తుంది, ఆ తర్వాత మమ్మల్ని నీ మేనకోడలు చూస్తుందా?" అన్నాడు. ఇంకొకావిడ పిల్లాడికి నీళ్ళు పోస్తోంది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. వాళ్ళ లెక్కలో మేం సీలు పగలగొట్టించడానికి కథలల్లుతున్న దొంగలం. వాళ్ళకి నీ ఉత్తరం చూపిస్తే, నీ ఉత్తరం వల్లే ఇదంతా వచ్చిందని ముఖం మీదే అన్నారు. మేనేజరు దగ్గరికి వెళితే ప్యూను లోపలికి పోనివ్వలేదు.

అందుకని మీ మామయ్య ఒక నిర్ణయానికి వచ్చారు. ఎల్లుండి పొద్దున షిఫ్టు మారే వేళ సీలు తెంచి, లోపలికి వెళ్ళి, పై వరసలు దించి గోడ మీద బరువు తీసేస్తారట. ఫోర్క్‌లిఫ్టు నడిపే అతను తోడొస్తానన్నాడు. జైలుకి పోతే పోతానంటున్నారు. కాళ్ళు పట్టుకున్నాను, ఏడ్చాను, తిట్టాను. చెవిన పెట్టలేదు. "ఆ గదుల్లో పసిపిల్లలున్నారు" అంటారు.

నువ్వే చెప్పు. మీ పెద్దాయనని అడిగి చెప్పు. ఏ వైపు నుంచి తీయాలి? ముందు పైవి తీయాలా, గోడ వారవా? లోపలికి వెళ్ళవచ్చా అసలు? నీ జవాబు ఎల్లుండికి రాదని తెలిసే అడుగుతున్నాను. ఇంకెవరిని అడగను?

అత్త


సెప్టెంబరు 12

అత్తా,

వెళ్ళొద్దని చెప్పు. వెళ్ళొద్దని చెప్పు అత్తా. ఒక్క బేలు కూడా కదపకూడదట. ఉబ్బిన బేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి, ఒకటి లాగితే అన్నీ మనిషి మీదికే వస్తాయి. మనుషుల్ని దూరంగా పంపించి, గోడని దాని ఖర్మకి వదిలేయాలి. పెద్దాయన ఇది చెప్పి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

ఇది నువ్వడిగిన ప్రశ్నకి జవాబు. రాసి ఏం లాభమో నాకు తెలియదు. నువ్వన్న ఆ ఎల్లుండి గడిచి ఎన్నో రోజులైపోయింది. నేను ఆఫీసుకి వెళ్ళానో, తిన్నానో, ఆ పొద్దున ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఏమీ గుర్తు రావడం లేదు. మామూలుగానే ఉండి ఉంటాను, అదే భరించలేకపోతున్నాను. మిల్లుకి ఫోను చేస్తే లైను కలవడం లేదు. మోగను కూడా మోగదు.

నా పట్టిక పూర్తయింది. మా ఆఫీసరు బాగుందన్నాడు. మన గీత ఇంకా పైకే పోతోంది. ఆ కాగితం బోర్లా తిప్పి పెట్టాను.

ఒక్క మాట రాయి. ఏదైనా సరే రాయి.

నీ పిల్ల


సెప్టెంబరు 27

నా తల్లీ,

ముందు ఇది చదువు: మీ మామయ్య బతికే ఉన్నారు. నేనున్నాను, మామ్మ ఉంది, ఆరు గదుల వాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కూర్చో. కూర్చుని మిగతాది చదువు.

ఆ పొద్దున ఆయన ఇనుప కడ్డీ తీసుకుని సీలు తెంచారు. తాళం విరిగిన చప్పుడుకి బాయిలరు ఆయన చూశాడు. "దొంగ! సీలు పగలగొడుతున్నాడు! మనందరి పీకల మీదికి తెస్తున్నాడు!" అని కేక పెట్టాడు. అంతే, వరసంతా బిలబిలమంటూ బయటికొచ్చింది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, చంకల్లో పిల్లల్ని వేసుకుని, పొయ్యి మీద గిన్నెలు వదిలేసి. ఫోర్క్‌లిఫ్టు అతను వాళ్ళని చూసి దిగి పారిపోయాడు. మీ మామయ్య ఒక కాలు లోపల పెట్టారు. వెనక నుంచి కాలరు పట్టుకుని లాగి, యార్డు మధ్యకి ఈడ్చుకొచ్చి కొట్టారు. నేను అడ్డం పడితే నన్నూ కొట్టారు. పిల్లాడికి నీళ్ళు పోసే ఆవిడ చెప్పుతో కొట్టింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు, "గదుల్లోకి వెళ్ళకండి, గదుల్లోకి వెళ్ళకండి" అనే అంటున్నారు.

వాళ్ళు కొడుతుండగానే గోడ పడిపోయింది. పెద్ద చప్పుడు వస్తుందనుకున్నాను. రాలేదు. లోపలి తీగలన్నీ ఒక్కసారి తెగినట్టు గణగణమంది, తర్వాత బరువుగా ఒక నిట్టూర్పు. ఆరు గదులూ కూర్చుండిపోయాయి. వాటి మీద తడి కాగితం, కొండలా, బూడిద రంగులో, ఇంకా కదులుతూ. కొడుతున్న చేతులు కొడుతున్నట్టే ఆగిపోయాయి. బాయిలరు ఆయన అలాగే నిలబడి పిల్లల్ని పేరుపేరునా పిలిచి లెక్కపెట్టుకున్నాడు. అందరూ బయటే ఉన్నారు. మమ్మల్ని కొట్టడానికి వచ్చి బయట ఉన్నారు.

ఆయనకి పక్కటెముకలు రెండు విరిగాయి. అవి గోడ పడి విరిగినవి కావు. సీలు తెంచినందుకు పోలీసులు స్టేషన్లో పెట్టారు. ఈసారి వరస వాళ్ళే వెళ్ళి స్టేషన్ గేటు ముందు కూర్చున్నారు, చెప్పుతో కొట్టిన ఆవిడ అందరికంటే ముందు. వదిలేశారు కానీ ఉద్యోగం పోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటావు. కాగితం ముందు పెట్టుకుని, తేదీ వేసి, మడిచి పెట్టేసేదాన్ని. మేం అక్కడి నుంచి బయలుదేరే రోజునే నీ పన్నెండో తారీఖు ఉత్తరం పోస్టాయన నన్ను వెతుక్కుంటూ తెచ్చి ఇచ్చాడు. మీ మామయ్యకి చదివాను. "వెంటనే రాయి. అది అక్కడ తిండీ నిద్రా మానేసి ఉంటుంది" అన్నారు. అందుకే ఇవాళ ఎలాగైనా రాస్తున్నాను.

నీ మీద నాకు కోపం లేదు. ఉండింది, ఇప్పుడు లేదు. నువ్వు అడగకపోతే ఏమయ్యేది, అడిగావు కాబట్టి ఏమైంది అని తవ్వుకోకు. నేను తవ్వి చూశాను, అడుగు తగలడం లేదు.

మీ మామయ్య పాత స్నేహితుడొకాయన దూరాన ఇంకో మిల్లులో పని ఇప్పించాడు. ఆయనకి కాపలా, నాకు మళ్ళీ బెల్టే. నిన్న దిగాం. ఇవాళ గది ఇచ్చారు. మంచి గదే, సున్నం కొత్తది, కిటికీ పెద్దది, మామ్మ కూడా వంక పెట్టలేదు. నేను పొయ్యి ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, మీ మామయ్య బయటికి వెళ్ళి, వెనకవైపు ఏముందో చూడటానికి చుట్టూ తిరిగి వచ్చారు. వచ్చి గడప అవతలే నిలబడ్డారు. అరచేతికి తడి కాగితం ముక్క అంటుకుని ఉంది.

"మూటలు విప్పకు" అన్నారు.

ఏముందని నేను అడగలేదు. బయట చెట్టు కింద కూర్చుని ఇది రాస్తున్నాను, ఆయన మామ్మని ఎత్తుకుని వస్తున్నారు. ఈ చిరునామాకి మాత్రం జవాబు రాయకు.

అత్త